మనిషి తాడు కాదు

పెళ్ళిళ్ళ కాలం వస్తే చాలు, యాగంటి నుంచి బనగానపల్లె వైపు వచ్చే రోడ్డు మీద సారె బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. వెనక తొట్టిలో విప్పిన మంచం పలకలు, నిలబెట్టిన బీరువా, దాన్ని ఆనుకుని ఫ్రిజ్జు, అన్నిటి పైన పరుపు. ఆ పరుపు మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు. వాళ్ళక్కడ ఎందుకు కూర్చున్నారని అడగండి. "పరుపు ఎగిరిపోకుండా" అంటారు. బీరువా పక్కన నిలబడినవాణ్ణి అడగండి. "పడిపోకుండా పట్టుకున్నా" అంటాడు.

అంటే ఒక తాడు చేయాల్సిన పనిని మనింటి పిల్లవాడి చేత చేయిస్తున్నామన్నమాట. సారె పెట్టాలా వద్దా అన్నది వేరే గొడవ, దాని గురించి ఇంకోసారి రాస్తాను. పెట్టదలుచుకున్న సారెను ఎలా తీసుకెళ్తున్నాం అన్నదే ఈరోజు నా గొడవ.

మొన్న మాఘంలో మా దగ్గరి బంధువుల పెళ్ళి జరిగింది. బండి కదిలేముందు "చిన్నోణ్ణి పైన ఎక్కించొద్దు, రెండు బెల్టులు తెప్పించి కట్టండి" అన్నాను. "ఆడోళ్ళకు అన్నీ భయాలేమ్మా, ఏం గాదులే, వాడు పట్టుకుంటాడు కదా" అన్నాడు మా చిన్నాయన. అందరూ నవ్వారు. బండి వెళ్ళిపోయింది, క్షేమంగానే చేరింది. చేరింది కాబట్టి నాది ఉత్త భయమని తేలిపోయిందట. వంద బండ్లు చేరినంత మాత్రాన నూట ఒకటోది చేరుతుందని ఎవరు రాసిచ్చారు?

"పట్టుకుంటాడు" అనే మాటనే కాస్త లెక్క వేసి చూద్దాం. బీరువా బరువు 80 కిలోలు అనుకోండి. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా ఒక బర్రె అడ్డం వస్తే డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కుతాడు. అప్పుడు బీరువా తన బరువులో ముప్పాతిక వంతుకు పైగా బలంతో, అంటే 60 కిలోలకు మించిన తోపుతో ముందుకు ఉరుకుతుంది. పట్టుకున్న పిల్లవాడు యాభై కిలోలు ఉంటాడేమో. అదే క్షణంలో వాడి ఒళ్ళూ ముందుకు పడుతుంది. తనను తానే పట్టుకోలేనివాడు బీరువాను ఏం పట్టుకుంటాడు? వాడు బీరువాను ఆపడు. బీరువాకీ క్యాబిన్ గోడకీ మధ్య నలిగిపోతాడు.

ఇక పరుపు సంగతి. తేలిక కదా, దానికేం అనుకుంటాం. వెడల్పుగా, పలచగా, తేలిగ్గా ఉండే వస్తువే రోడ్డు మీద అన్నిటికన్నా మోసం చేసేది. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న పరుపు ముందు అంచు ఒక్కసారి లేచి గాలికి ఎదురు నిలబడితే, 60 కిలోమీటర్ల వేగంలో దాని మీద పడే తోపు దాదాపు 50 కిలోల బరువంత ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలు అవుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే హైవే ఎక్కాక ఎదురుగా బస్సు రివ్వున దాటిందంటే ఆ గాలి తెర అదనం. పరుపు లేస్తే మీద కూర్చున్నవాడూ లేస్తాడు. పరుపును అదిమిపెట్టడానికి ఎక్కినవాడు పరుపుతోపాటే రోడ్డు మీద పడతాడు.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాడు. ఎండాకాలం వస్తే చెరువు మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పలక ఒకటి ఉంది వాడి దగ్గర, ప్యాడిల్ బోర్డు అంటారు. పదడుగుల పైన పొడవు, పది కిలోల చిల్లర బరువు. దాన్ని కారు మీద ఎలా కడతాడో వీడియో కాల్‌లో చూపించాడు. కారు పైన అడ్డంగా రెండు కమ్మీలు, వాటి మీద మెత్తటి తొడుగులు. పలకను వాటి మీద పెట్టి, రెండు చోట్ల వెడల్పాటి బెల్టులు వేసి బకిల్‌తో బిగిస్తాడు. గాలికి బెల్టు అదరకుండా ఒక మెలిక తిప్పుతాడు. ముందు కొసకు ఒక తాడు, వెనక కొసకు ఒక తాడు కారుకు కట్టి, చేత్తో ఊపి చూస్తాడు. పలకతోపాటు కారు కదలాలి గానీ కారు మీద పలక కదలకూడదట. పది నిమిషాలు నడిపాక పక్కకు ఆపి మళ్ళీ బిగిస్తాడు.

పది కిలోల ఆటవస్తువుకు అంత సేవ! అదే పిల్లవాడు పెళ్ళికని ఇక్కడికి వచ్చి, తన తమ్ముడు బీరువా పక్కన ఎక్కుతుంటే చెయ్యి ఊపి సాగనంపాడు. తెలివి విమానంలోనే మరిచిపోయి వచ్చాడా? కాదు. అక్కడ కట్టకపోతే తప్పని, ఇక్కడ కట్టకపోతే మామూలేనని వాడికి మనమే నేర్పాం.

అక్కడైనా ఆ జాగ్రత్త ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాడుండే వాషింగ్టన్ రాష్ట్రంలోనే 2004లో ఒక రాత్రి, ముందు పోతున్న ట్రెయిలర్ మీంచి సరిగా కట్టని సామాను జారి రోడ్డు మీద పడి, వెనక కారు నడుపుతున్న మరియా అనే అమ్మాయి మొహం ఛిద్రమైంది. ఆమె బతికింది, చూపు పోయింది. ఆమె తల్లి రాబిన్ ఏబెల్ ఇంట్లో కూర్చుని ఏడ్చి ఊరుకోలేదు. చట్టం మార్చేదాకా తిరిగింది. 2005లో, బరువు సరిగా కట్టక మనిషికి గాయమైతే అది జరిమానాతో పోయే తప్పు కాదు, నేరం అని ఆ రాష్ట్రం చట్టం చేసింది. దాన్ని మరియా చట్టం అంటారు. ఆ తల్లి పట్టుదల వల్లే జూన్ 6ను బరువులు గట్టిగా కట్టుకోమని గుర్తుచేసే రోజుగా పాటిస్తున్నారు. ఒక తల్లి భయాన్ని అక్కడ చట్టం చేశారు. ఇక్కడ "ఆడోళ్ళ భయాలు" అని నవ్వుతారు.

మనకు చట్టాలు లేవనుకుంటున్నారా? ఉన్నాయి. ఇనుప కడ్డీల్లాంటివి బండి వెనక ఒక మీటరు దాకా పొడుచుకు రావచ్చన్న పాత వెసులుబాటును కేంద్రం 2014లో తీసేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సరుకు బండి పక్కలకో, ముందుకో, వెనక్కో పొడుచుకొచ్చినా, ఎత్తు హద్దు దాటినా 20,000 రూపాయల జరిమానా పెట్టారు. కొసకు ఎర్ర గుడ్డ కట్టాం కదా అంటే చెల్లదు. ఎర్ర గుడ్డ చీకట్లో కనిపించదు, కడ్డీని మెత్తగా చేయదు.

దీనికన్నా ఇంటివాళ్ళు తెలుసుకోవాల్సింది బీమా సంగతి. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించేవాళ్ళకు ఏదైనా జరిగితే బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే చెప్పింది. సరుకు యజమానికో, ఆయన తరఫున వచ్చినవారికో మాత్రం 1994 సవరణ చోటిచ్చింది. వాళ్ళు కూడా సరుకు మీద కాదు, డ్రైవరు పక్కన క్యాబిన్‌లో కూర్చోవాలని 2007లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే కోర్టు అంది. అంటే ఏమిటి? పరుపు మీద కూర్చోబెట్టిన పిల్లవాడికి కాగితం మీద ఏ అండా లేదు. ఫ్రిజ్జుకు వారంటీ ఉంది. వాడికి అదీ లేదు.

"మా తాతల కాలం నుంచీ ఇట్లాగే తీసుకుపోయాం" అనేవాళ్ళకు రెండు మాటలు. మీ తాత తీసుకుపోయింది ఎద్దుల బండిలో. అది గంటకు అయిదు కిలోమీటర్లు పోతుంది. మీ బండి 60 పోతుంది. పన్నెండింతల వేగానికి దెబ్బ బలం నూట నలభై నాలుగింతలు. పైగా మీ తాతకు కట్టడం తెలుసు. గడ్డి బండికి మోకు వేసి, కర్రతో మెలిపెట్టి బిగించి, మధ్యలో ఆపి మళ్ళీ బిగించుకునేవాడు. సియాటిల్‌లో మావాడు చేసేది అదే. సంప్రదాయం మాట ఎత్తితే తాడు కట్టడమే మన సంప్రదాయం. పిల్లవాణ్ణి కట్టడం కాదు.

"ముహూర్తం దాటిపోతోంది, ఇప్పుడు తాళ్ళూ బెల్టులూ ఏమిటి" అనేవాళ్ళూ ఉన్నారు. ఫోటోగ్రాఫరు కోసం గంటసేపు ఆగుతాం. మంచానికి బంతిపూల దండ చుట్టడానికి అరగంట. కట్టడానికి పావుగంట లేదా? ఆళ్లగడ్డలో రాతి విగ్రహం కొన్నప్పుడు ముక్కు కొస చిట్లినా పూజకు పనికిరాదని ఎంత పదిలంగా ఇంటికి తెచ్చుకుంటాం! మన బిడ్డ ముక్కు రాతి ముక్కుకన్నా చవకా?

"డ్రైవరు చూసుకుంటాడులే" అనేది ఇంకో మాట. ఆయనకు ఆరోజు ఇంకో రెండు బాడుగలు ఉంటాయి. ఎంత తొందరగా కదిలితే అంత లాభం. మనం అడగనిదే ఆయన ఎందుకు కడతాడు?

కట్టడం పెద్ద విద్య కూడా కాదు. బరువైనవన్నీ ముందుకు జరిపి, క్యాబిన్ గోడకు ఆనించాలి. బీరువాను తాళం వేసి పడుకోబెట్టాలి, లేకపోతే మలుపుల్లో అదే మొదట ఒరిగేది. ఫ్రిజ్జును నిలబెట్టే ఉంచి, ఒక్కోదానికి కనీసం రెండు చోట్ల బెల్టు వేసి తొట్టి కొక్కేలకు బిగించాలి. పిడి లాగితే బిగుసుకునే బెల్టులు కొన్ని వందల్లో దొరుకుతాయి, ఏళ్ళ తరబడి పనికొస్తాయి. నైలాన్ తాడు సాగుతుంది, ముడి జారుతుంది, దాన్ని నమ్మి ఊరుకోకూడదు. బీరువా అంచు తాడును కోసేస్తుంది, మూలల దగ్గర మడత పెట్టిన గోనెసంచి పెట్టాలి. పరుపును పైన వేయకుండా ఫ్రిజ్జుకూ బీరువాకూ మధ్య నిలబెడితే ఎగరదు, సామానుకు దిండులా పనిచేస్తుంది. పైన పట్టా కప్పి నాలుగు వైపులా కట్టాలి. బయల్దేరిన పది నిమిషాలకు ఆపి అన్నీ మళ్ళీ లాగి చూడాలి. కారు మీద పెట్టేవాళ్ళు కారుతో వచ్చిన పుస్తకం చూడండి, చాలా కార్ల పైకప్పు మోసేది 50 నుంచి 75 కిలోలే. పిల్లలు వెనక కారులో రావాలి. చోటు లేకపోతే ఆటో మాట్లాడండి.

ఇది ఆడవాళ్ళ బ్లాగు కదా, తాళ్ళ సంగతి ఎందుకంటారేమో. సారె చిట్టా ఎవరు రాస్తారు? మనమే. లడ్డూలు ఎన్ని, అరిసెలు ఎన్ని, అరటిపండ్లు ఎన్ని డజన్లు, పసుపు కుంకుమ ఏ గిన్నెలో, అన్నీ వేళ్ళ మీద లెక్కపెడతాం. ఒక్క గిన్నె తక్కువైతే వియ్యపురాలు ఏమంటుందోనని నిద్రపోము. ఆ చిట్టాలో ఎన్నడైనా తాడు రాశామా? బండిలో ఏమేం ఎక్కాయో చూసి, ఎవరెవరు ఎక్కారో చూడకుండా లోపలికి వచ్చేస్తాం.

అందుకే అక్కలూ, చెల్లెళ్ళూ, వదినలూ, వచ్చే పెళ్ళికి చిట్టా రాసేటప్పుడు పసుపు కుంకుమల కింద ఇంకో వరుస రాయండి: బెల్టులు ఆరు, గోనెసంచులు నాలుగు, పట్టా ఒకటి. బండి తాళం చెవి తిప్పేముందు వెనక్కి వెళ్ళి చూడండి. పైన ఒక్క పిల్లవాడు కనిపించినా బండికి అడ్డం నిలబడండి. నవ్వితే నవ్వనివ్వండి. వాడు కిందికి దిగేదాకా కదలకండి.