కొండంత అండ

దూరపు కొండలు నునుపు అని సామెత. దగ్గరకు వెళ్ళి కాలు మోపినప్పుడే రాళ్ళూ రప్పలూ, నిట్టనిలువు చరియలూ కనిపిస్తాయి. దానధర్మాలు కూడా అటువంటివే. ఇవ్వాలనే సంకల్పం కలగడం సులభం. ఆ సంకల్పాన్ని ఎవరికీ కీడు కలగకుండా నెరవేర్చడం కష్టం. ఒకే కార్యాలయంలో పనిచేసే ఉద్యోగులు జట్టుగా పర్వతాలను అధిరోహించి, ఆ సందర్భంగా స్వచ్ఛంద సంస్థలకు విరాళాలు సేకరించే పద్ధతి బ్రిటన్‌లో బాగా వ్యాప్తిలో ఉంది. అందులోని మంచిచెడ్డలు ఆలోచించదగినవి.

ఇటువంటి యాత్రలలో ప్రసిద్ధమైనది మూడు శిఖరాల యాత్ర. బెన్ నెవిస్ (1345 మీటర్లు) స్కాట్లండ్‌లోను, స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) ఇంగ్లండ్‌లోను, స్నోడన్ (1085 మీటర్లు) వేల్స్‌లోను అత్యున్నత శిఖరాలు. ఈ మూడింటినీ 24 గంటలలో ఎక్కి దిగాలని చాలా జట్లు పట్టుదలతో బయలుదేరుతాయి. నడక సుమారు 37 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు మొత్తం సుమారు 3000 మీటర్లు. ఒక కొండ నుంచి మరొక కొండకు వాహన ప్రయాణం 700 కిలోమీటర్లకు పైమాటే. జట్టు సభ్యులు ముందుగానే బంధుమిత్రులను, సహోద్యోగులను విరాళాలు కోరుతారు. ఉద్యోగులు సేకరించిన సొమ్ముకు తమ వంతు జోడించే సంస్థలు కూడా ఉన్నాయి.

ఇవ్వదలచినవారు నేరుగా ఇవ్వవచ్చు కదా, మధ్యలో కొండ ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. దీనికి సమాధానం మానవ స్వభావంలోనే ఉంది. అడిగేవాడు తానూ కొంత కష్టానికి సిద్ధపడ్డాడని తెలిసినప్పుడు ఇచ్చేవాడికి నమ్మకం కలుగుతుంది. పైగా కార్యాలయంలోని హోదాలు కొండ మీద నిలవవు. అందరికన్నా వెనుక నడిచేవాని వేగమే జట్టు వేగం. అధికారి అలసి కూలబడితే గుమాస్తా చేయి అందిస్తాడు. ఎదుటివారి బాధను తన బాధగా భావించడమే దానానికి మూలం. ఆ భావనను పెంచే ఈ శ్రమ వ్యర్థం కాదు.

అయితే ఆశయం మంచిదైనంత మాత్రాన ఆచరణలోని దోషాలు మాసిపోవు. కాలనియమం వల్ల చాలా జట్లు స్కాఫెల్ పైక్‌ను రాత్రివేళ ఎక్కుతాయి. అప్పుడు కొండ పాదాన ఉన్న వాస్డేల్ లోయలోని పల్లెవాసులకు నిద్రాభంగం కలుగుతుంది. కాలిబాటలు కోతకు గురవుతాయి, చెత్త పేరుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన ఆ ప్రాంతపు వీరుల స్మృతిచిహ్నంగా 1919లో నేషనల్ ట్రస్టుకు సమర్పించిన శిఖరం అది. అటువంటి చోటును పరుగుపందెపు మైదానంగా మార్చడం ఉచితం కాదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ కొండలలో దారి తప్పినవారిని, గాయపడినవారిని వెదకి కిందికి చేర్చే రక్షక దళాల సభ్యులు ప్రధానంగా జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పిలుపు రాగానే తమ పనులను, నిద్రను విడిచి వానలోనూ మంచులోనూ కొండ ఎక్కుతారు. రక్షించినందుకు రుసుము అడగరు. ఆ దళాలు నడిచేది కూడా చాలావరకు ప్రజల విరాళాలతోనే. పటం, దిక్సూచి, చేతిదీపం, వెచ్చని దుస్తులు లేకుండా, తగిన అభ్యాసం లేకుండా బయలుదేరి ఆపదలో చిక్కుకునే జట్టు వారికే భారమవుతుంది. ఒక హుండీని నింపడానికి మరొక హుండీని ఖాళీ చేసినట్లవుతుంది.

కాబట్టి ఇటువంటి యాత్రలకు కొన్ని నియమాలు అవసరం. ప్రయాణం, బస, భోజనాల ఖర్చులను యాత్రికులే భరించాలి. విరాళంగా వచ్చిన ప్రతి పైసా ఆశయానికే చేరాలి. లెక్కలు అందరికీ తెలియజేయాలి. పగలంతా నడిచినవారే రాత్రి వాహనం నడపకూడదు. పై అధికారి అడిగాడనే మొహమాటంతో ఎవరూ విరాళం ఇవ్వవలసిన స్థితి గాని, కొండ ఎక్కవలసిన స్థితి గాని రాకూడదు. వాతావరణం ప్రతికూలిస్తే వెనుదిరగడాన్ని ఓటమిగా భావించకూడదు. సేకరించే సొమ్ములో కొంత రక్షక దళాలకు కేటాయిస్తామని ముందే దాతలకు తెలిపితే అది మరింత ఔచిత్యంగా ఉంటుంది.

విరాళం ఇచ్చినవారు శిఖరాన్ని ఎన్ని గంటలలో చేరారని కొలిచి ఇవ్వలేదు. అవసరంలో ఉన్నవారికి తమ సొమ్ము చేరుతుందన్న విశ్వాసంతో ఇచ్చారు. ఆ విశ్వాసాన్ని నిలబెట్టడం శిఖరాన్ని చేరడం కన్నా గొప్ప కార్యం. ఒకరికి అండగా నిలవడానికి బయలుదేరినవారు మరొకరికి బరువు కాకుండా తిరిగి రాగలిగినప్పుడే వారి శ్రమ సార్థకమవుతుంది.