పెదవి వాచిందా? బీపీ మాత్ర చూడండి
ఉన్నట్టుండి పెదవో నాలుకో వాస్తే నేరం రాత్రి తిన్న రొయ్యల మీదికి తోస్తాం. ఏళ్లుగా వేసుకుంటున్న ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రను మాత్రం అనుమానించం. అలవాటైన మందు కదా! ఈ మాత్రల వల్ల ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుని, సన్నటి రక్తనాళాల్లోంచి నీరు ఊరుతుంది. దురదా ఉండదు, దద్దుర్లూ ఉండవు. అలర్జీ ఇంజెక్షన్లకు సాధారణంగా లొంగదు. గొంతుకు పాకితే ఊపిరే ఆగొచ్చు. అరుదే, ఒప్పుకుంటాను. కానీ ఆ బ్రాడీకైనిన్‌ను అదుపులో ఉంచే సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువైనవారికీ, సొంత రోగనిరోధక వ్యవస్థే దాన్ని దెబ్బతీసినవారికీ ఈ మందులు రాయనేకూడదు. అందుకే "ఇంతకుముందెప్పుడైనా మొహం వాచిందా? మీ ఇంట్లో ఎవరికైనా?" అని అడక్కుండా చీటీ రాసే డాక్టరును నేను తప్పుపడతాను. నిమిషం పట్టని ప్రశ్న అది. ఇక వాపు మొదలైతే ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా, స్ట్రిప్పు చేతబట్టుకుని నేరుగా క్యాజువాలిటీకి పరుగెత్తాలి.