ప్రసవంతో బాధ్యత తీరదు

ఆసుపత్రి కాన్పుల అంకెలు చూపి పాలకులు గర్వపడుతున్నారు. గర్భిణులు ఆసుపత్రికి రావడం మంచిదే. కాని బిడ్డ పుట్టిన క్షణంతోనే తమ బాధ్యత తీరిపోయినట్లు వ్యవహరించడం ఎంతవరకు సబబు? అధిక రక్తస్రావం, జ్వరం, కుట్లు చీము పట్టడం వంటి ఆపదలు బాలింతను చుట్టుముట్టేది కాన్పు తర్వాతనే కదా!

మా అడిక్‌మెట్ బస్తీలో పొరుగింటి అమ్మాయికి తొలి కాన్పు సిజేరియన్ అయింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇటువంటి మాటలు ఎన్నో ఇళ్ళలో విన్నాను. ఆపరేషన్ అయిన రాత్రి ఒకే మంచంపై ఇద్దరు బాలింతలు. నొప్పిగా ఉందని ఆమె ఉర్దూలో చెబితే, తెలుగులో చెప్పమని కసిరారు. పాలిచ్చేటప్పుడు ఒక తెర అడిగితే, "ఇంత సిగ్గు ఉన్నవాళ్ళు ఇక్కడికి ఎందుకొచ్చారు?" అన్నారు. బిడ్డను చేతికివ్వడానికి ఆయా మామూలు అడిగింది. ఆడపిల్ల కనుక కొంత తగ్గిస్తానన్నది. మూడవ రోజునే మంచం ఖాళీ చేయించారు.

ఇంటికి వచ్చిన రెండు రోజులకు జ్వరం, కుట్ల వద్ద చీము. తిరిగి అక్కడికే వెళ్దామంటే, "చచ్చినా వెళ్ళను చాచా" అన్నది. అప్పు చేసి ప్రైవేటు నర్సింగ్ హోంకు తీసుకెళ్ళాము. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. వార్డులో జరిగిన అవమానం వార్డులోనే ఆగిపోదు. వైద్యం అత్యవసరమైన రోజున తల్లిని గడప దాటకుండా ఆపేస్తుంది.

నేను ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. కనుక కాగితం మీద ఏమున్నదో చెబుతాను. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితం. సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజుల వరకు భోజనం కూడా ఉచితమే. అంటే ఆపరేషన్ అయిన తల్లి అన్ని రోజులు ఉండవలసి రావచ్చునని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఇంటికి చేరాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త వచ్చి తల్లీబిడ్డలను చూడాలి. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఆ చట్టం బాలింతల వార్డు దాకా ఎప్పుడు వస్తుంది?

అదే ఏడాది వచ్చిన కేసీఆర్ కిట్ పథకాన్ని చూడండి. మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు అని ప్రకటించారు. ఆ వాయిదాలను గర్భిణి పరీక్షలకు, ఆసుపత్రి కాన్పుకు, బిడ్డ టీకాలకు ముడిపెట్టారు. కాన్పు తర్వాత తల్లి ఎలా ఉన్నదో చూసే పరీక్షకు ఒక్క వాయిదా కూడా పెట్టలేదు! పథకం దృష్టిలోనే తల్లి కాన్పుతో ముగిసిపోయింది.

సిబ్బంది తక్కువ, రద్దీ ఎక్కువ అంటారు. నిజమే. నర్సులను నియమించవలసినది ప్రభుత్వమే. కాని ఒక తెర కట్టడానికి, ఒక మంచిమాట అనడానికి రద్దీ అడ్డు వస్తుందా? ఢిల్లీలో వైద్యం అందక చెట్టు కింద ప్రసవించిన ఒక పేద ముస్లిం స్త్రీ కేసులో, తల్లికి అందవలసిన వైద్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఢిల్లీ హైకోర్టు 2010 జూన్‌లోనే చెప్పింది. పరిహారం కూడా ఇప్పించింది. ఇది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. చిల్లా నలభై రోజులు బాలింతకు విశ్రాంతినివ్వడానికి మన పెద్దలు పెట్టినవి. ఆరోగ్య శాఖ 42 రోజుల లెక్క కూడా ఇంచుమించు అదే. కాని చిల్లా పేరుతో జ్వరాన్ని దాచిపెడుతున్నాము. ఆశా కార్యకర్తను గుమ్మంలోనుంచే పంపివేస్తున్నాము. విశ్రాంతి వేరు, వైద్యానికి దూరం చేయడం వేరు.

సోదరులారా, సోదరీమణులారా! వార్డులో గొడవపడి వచ్చేస్తే ఏమీ మిగలదు. రాసి ఇచ్చిన దరఖాస్తు ఫైలులో నిలుస్తుంది. మామూలు అడిగినా, గడువుకు ముందే పంపివేసినా తేదీ, సమయం వేసి సూపరింటెండెంటుకు ఫిర్యాదు ఇవ్వండి. నకలుపై ముద్ర వేయించుకోండి. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. డిశ్చార్జి సూచనలు ఉర్దూలోనూ ఇవ్వాలని ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి మహిళా సంఘం అర్జీ పెట్టాలి. రాయడం రానివారి తరఫున చదువుకున్నవారు రాయాలి. మా బస్తీలో ఆ పని నేను మొదలుపెట్టాను. మొదటి దరఖాస్తు మీద ఆ అమ్మాయి తన చేత్తోనే సంతకం చేసింది, ఉర్దూలో.