విదేశీ సహాయం వస్తే సరుకు ఎక్కడ కొనాలి?



మన సంఘ కుటుంబాలలో చాలామంది పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. "మన ఆస్పత్రికి ఏదైనా మిషను పంపించమంటారా?" అని వారు ప్రేమతో అడుగుతుంటారు. మేము కృతజ్ఞులమే. అయితే ఆ మాట వినగానే మాకు గుర్తొచ్చేది స్టోరు రూములో గుడ్డ కప్పి ఉంచిన ఒక మానిటరు. అది 110 వోల్టులకు తయారైనది, మన కరెంటు 230. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఏడాది నడిపాము. తరువాత వేలికి తగిలించే సెన్సారు పాడైంది. ఆబిడ్స్ నుండి కోఠి వరకు సర్జికల్ దుకాణాలన్నీ తిరిగినా దానికి సరిపోయేది దొరకలేదు. కొన్ని దేశాలలో దానంగా వచ్చిన పరికరాలలో వాడకంలోకి వచ్చేవి నూటికి 10 నుండి 30 మాత్రమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో రాసింది.

ప్రభుత్వాలు ఇచ్చుకునే సహాయంలోనూ ఇదే తంతు. "డబ్బు మాది, కనుక సరుకు మా కంపెనీల దగ్గరే కొనండి" అని షరతు పెడతారు. ఆ షరతు వల్ల ఖర్చు 15 నుండి 30 శాతం పెరుగుతుందని ఓ.ఇ.సి.డి. అంచనా. బ్రిటన్ 2001లో దాన్ని ఎత్తివేసింది. ఒక్క తెల్లవారినే అనడానికి లేదు. మన దేశం ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇతర దేశాలకు అప్పిచ్చేటప్పుడు సాధారణంగా 75 శాతం సరుకు మన దగ్గరే కొనమంటుంది.

షరతు మారితే ఏమవుతుందో హైదరాబాదును చూస్తే తెలుస్తుంది. 2000 నాటికి హెచ్.ఐ.వి. మందులకు ఒక్కో రోగికి ఏడాదికి 10 వేల డాలర్ల పైమాటే. 2001లో ముంబయి సిప్లా 350 డాలర్లకే ఇస్తామన్నది. అయినా అమెరికా 2003లో ప్రకటించిన పెప్‌ఫార్ పథకం, మొదట తమ ఎఫ్.డి.ఎ. ఆమోదించిన మందులనే కొంటామన్నది. అంటే దాదాపు అన్నీ ఖరీదైన బ్రాండులే. 2004లో జెనరిక్ మందులను కూడా త్వరగా పరీక్షించి ఆమోదించే దారి తెరిచారు. 2005 నుండి మన నగరపు అరబిందో ఫార్మాకు, తరువాత హెటిరోకు ఆమోదాలు వచ్చాయి. ఆ పథకం కొన్న మందుల ప్యాకెట్లలో జెనరిక్‌ల వాటా 2005లో 15 శాతం, 2008లో 89 శాతం! ఆఫ్రికాలో అదే డబ్బుతో ఎక్కువ మందికి మందు అందింది, ఇక్కడ మన పిల్లలకు ఉద్యోగాలు దొరికాయి. నాంపల్లి స్టేషనులో దిగి మన ఓ.పి.కి వచ్చేవారిలో అటువంటి ఫ్యాక్టరీల ఉద్యోగుల కుటుంబాలూ ఉన్నాయి. (పటాన్‌చెరు వైపు ఆ ఫ్యాక్టరీలు నీళ్ళను ఏం చేశాయన్నది వేరే రాయవలసిన సంగతి.)

అలాగని షరతుతో వచ్చిందల్లా వృథా అని మేము అనము. బాలానగర్ ఐ.డి.పి.ఎల్. సోవియట్ రష్యా సహకారంతో, అక్కడి యంత్రాలతోనే వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడినా అందులో పని నేర్చిన మనుషులు ఇక్కడే ఉండిపోయారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అక్కడ పని చేసినవారే.

ఇక్కడి సరుకైతే చాలు, తక్కువ ధరైతే చాలు అనుకోవడమూ పొరపాటే. అతి తక్కువ టెండరుకు వచ్చిన గ్లవుజు వేసుకోగానే చిరిగితే, ఒక్కో డ్రెస్సింగుకు రెండు జతలు పోతాయి, పైగా నర్సుకు ఇన్‌ఫెక్షను భయం. అమెరికా మన మందులకు తలుపు తెరిచింది గాని తనిఖీ మానలేదు. అదే సరైన పద్ధతి.

కనుక పిల్లలు అడిగినప్పుడు, వస్తువు పంపే ముందు మా ఆఫీసుకు ఒక ఫోను చేయమని చెప్పండి. వార్డులకు అవసరమైన వాటి జాబితా ఇస్తాము. ఇక్కడే కొంటే సర్వీసు మనిషి మరునాడే వస్తాడు, మెయింటెనెన్సు ఒప్పందం రాయించుకోవచ్చు, నర్సులకు వాడకం నేర్పించవచ్చు. విదేశీ పౌరసత్వం ఉన్నవారి విరాళం ఎఫ్.సి.ఆర్.ఎ. ఖాతాకే రావాలి గనుక ఆ వివరాలు కూడా ముందే అడగగలరు.