తొమ్మిదో నెల, 36వ వారం: అండమాన్ తెలుగు గర్భిణికి సలహా చెప్పేదెవరు?

శ్రీ విజయపురం: ఫీనిక్స్ బే రేవు నుంచి ద్వీపాల మధ్య తిరిగే ఓడలు బయలుదేరుతాయి. హట్ బే, రంగత్, కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వైపు వెళ్లేవారూ, అక్కడి నుంచి వచ్చేవారూ ఈ రేవు మీదుగానే రాకపోకలు సాగిస్తారు. దిగేవారిలో నెలలు నిండుతున్న గర్భిణులూ ఉంటారు. ద్వీపసమూహం మొత్తానికి పెద్దదిక్కయిన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఇక్కడికి కొద్ది నిమిషాల దూరంలోనే, సెల్యులార్ జైలు పక్కన ఉంది. ఓడ దిగాక మిగిలే దూరం స్వల్పమే. ఓడ ఎప్పుడు ఎక్కాలో, అసలు ఎక్కాలో వద్దో, అలా ఎందుకో గర్భిణికి ఎవరు చెబుతారన్నదే అసలు సమస్య. చెప్పేది ఆమెకు అర్థమయ్యే మాటలో చెబుతారా అన్నది దానికి తోడయ్యే మరో సమస్య.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. వారిలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 50 వేల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, రేవు పనులకు, భవన నిర్మాణానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలే వీరిలో ఎక్కువ. జంగ్లీఘాట్, ఫీనిక్స్ బే వంటి పేటల్లో తెలుగు వినబడటం కొత్త సంగతి కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన తరానికి హిందీ ఇంటిభాషతో సమానం. పెళ్లి చేసుకుని శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి నేరుగా ద్వీపానికి వచ్చిన పంతొమ్మిది, ఇరవై ఏళ్ల యువతి పరిస్థితి వేరు. ఆమెకు పుట్టిల్లు సముద్రానికి ఆవల 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆసుపత్రి దగ్గరే ఉంది, కాని అక్కడి భాష ఆమెకు కొత్త.

ప్రసూతి మరణాల విషయంలో దేశం సాధించిన ప్రగతి చిన్నది కాదు. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2014-16లో 130 ఉండగా 2019-21 నాటికి 93కు తగ్గాయి. 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ 45, తెలంగాణ 43 వద్ద ఉన్నాయి. ఈ పట్టికలో అండమాన్‌కు విడిగా అంకె కనబడదు. కారణం గణితమే. ఏడాదికి నాలుగు వేల కాన్పులు జరిగే ప్రాంతాన్ని ఊహించుకుంటే, అక్కడ ఒక్క తల్లి మరణిస్తే నిష్పత్తి 25 అవుతుంది, ఇద్దరు మరణిస్తే 50 అవుతుంది. అటువంటి అంకెకు గణాంక విలువ లేదు. అందువల్ల చిన్న ప్రాంతాల్లో సగటుల కన్నా ఒక్కో గర్భిణి ప్రయాణాన్ని గమనించడమే ఎక్కువ తెలియజేస్తుంది.

ఆ ప్రయాణంలో ఆలస్యం మూడు చోట్ల జరుగుతుందని 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు సూత్రీకరించారు. వైద్యం కోసం వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. ద్వీపాల్లో రెండోది కంటికి కనిపిస్తుంది. లిటిల్ అండమాన్‌లోని హట్ బే నుంచి సాధారణ ఓడలో ఏడెనిమిది గంటలు పడుతుంది. క్యాంప్‌బెల్ బే నుంచి అయితే ఒక రోజు దాటుతుంది. ఉత్తరాన దిగ్లీపూర్ నుంచి రోడ్డు మార్గం 300 కిలోమీటర్ల పైమాటే. ఆ దారిలో జరవా తెగ రక్షిత ప్రాంతం గుండా వాహనాలు నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా మాత్రమే సాగాలి. అత్యవసర రోగుల తరలింపునకు హెలికాప్టర్ ఉంది గాని, నైరుతి రుతుపవనాల కాలంలో ఆకాశమూ సముద్రమూ రెండూ నమ్మదగినవి కావు. ప్రసవానంతర రక్తస్రావం అదుపు తప్పితే తల్లి ప్రాణానికి గంటల వ్యవధే ఉంటుంది. కాబట్టి ఇక్కడ అత్యవసర తరలింపు కన్నా ముందస్తు సలహాకే విలువ ఎక్కువ. ఏ గర్భిణి కాన్పుకు ముందే పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరికి చేరాలో నెలల ముందు తేల్చి చెప్పగలిగితే హెలికాప్టర్ అవసరమే సగం తగ్గుతుంది.

నెలల లెక్క, వారాల లెక్క

ఇక్కడే భాష అడ్డుపడుతుంది. వైద్యులు గర్భాన్ని వారాల్లో లెక్కిస్తారు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 40 వారాలు. తెలుగు ఇళ్లలో లెక్క నెలల్లో సాగుతుంది. అదీ ఒక్క తీరుగా కాదు. ‘ఏడు నెలలు నిండాయి’ అన్నా, ‘ఎనిమిదో నెల నడుస్తోంది’ అన్నా కాలం ఒక్కటే. అయితే వినేవారికి ఒక మాటలో ఏడు, మరో మాటలో ఎనిమిది వినబడుతుంది. కొందరు చివరి నెలసరి నుంచి లెక్కిస్తే, మరికొందరు నెల తప్పినప్పటి నుంచి లెక్కిస్తారు. ఈ రెండింటికీ మధ్య నాలుగు వారాల తేడా. ఆ నాలుగు వారాలు హైదరాబాద్‌లో పెద్దగా పట్టవు. సముద్రం మధ్య ఉన్న ఊరిలో విమానం ఎక్కగలగడానికీ ఎక్కలేకపోవడానికీ మధ్య తేడా అవే.

చాలా విమానయాన సంస్థలు సుమారు 32 వారాలు దాటిన గర్భిణిని వైద్యుని ధ్రువపత్రం అడుగుతాయి, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కించుకోవు. దీన్ని ఇంటి లెక్కలోకి మార్చి చూద్దాం. 32 వారాలంటే ఏడు నెలలు నిండి ఎనిమిదో నెలలో పది రోజులు గడిచినట్టు. 36 వారాలంటే ఎనిమిది నిండి తొమ్మిదో నెలలో ఒక వారం గడిచినట్టు. ఇక ఆచారం వైపు చూస్తే, తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం తెలుగు కుటుంబాల్లో దాదాపు నియమం. సీమంతం ఐదు, ఏడు, తొమ్మిది నెలల్లో చేస్తారు. ఎనిమిదో నెలలో ప్రయాణం పెట్టుకోరు. ఏడో నెలలో వీలుపడక ‘తొమ్మిదిలో పంపుదాం’ అనుకున్న కుటుంబానికి విమానం తలుపు తెరిచి ఉండేది దాదాపు ఒక్క వారమే. నెల తప్పినప్పటి నుంచి లెక్కించే ఇల్లయితే వారి తొమ్మిదో నెల మొదలయ్యేసరికి వైద్యుని లెక్కలో 38 వారాలు గడిచిపోతాయి. అప్పుడు మిగిలేది హడో రేవు నుంచి బయలుదేరే ఓడ. విశాఖకు రెండు రోజులకు పైగా ప్రయాణం, అదీ నెలకు ఒకసారి ఉండే సర్వీసు. నొప్పులు ఓడలో మొదలైతే దగ్గరలో శస్త్రచికిత్స గది ఉండదు.

ఆచారాన్ని తప్పుపట్టనవసరం లేదు. కన్నతల్లి పక్కన ఉండాలన్న కోరికకు శాస్త్రం కూడా మద్దతిస్తుంది. ప్రసవ సమయంలో ఒక తోడు నిరంతరం పక్కన ఉంటే సహజ ప్రసవాల అవకాశం పెరుగుతుందని, సిజేరియన్లు తగ్గుతాయని 15 వేలకు పైగా మహిళలపై జరిగిన 26 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో కాక్రేన్ సమీక్ష నిర్ధారించింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయాన ఒక స్త్రీ తోడుగా ఉండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతించింది. గర్భిణి సముద్రం దాటే బదులు తల్లినే ద్వీపానికి రప్పించడం అనేక కుటుంబాలకు సులువైన మార్గం కావచ్చు. ఆ మాట ఐదో నెలలో చెప్పేవారు ఒకరుండాలి. తొమ్మిదో నెలలో చెబితే ప్రయోజనం లేదు.

పుట్టింటికి వెళ్తే మెరుగైన వైద్యం దక్కుతుందన్న నమ్మకాన్నీ కాస్త పరిశీలించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో సిజేరియన్ ప్రసవాలు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రులనే తీసుకుంటే ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువ. అవసరమైన చోట శస్త్రచికిత్స ప్రాణం కాపాడుతుంది. అవసరం లేకుండా చేస్తే దాని భారం తరువాతి గర్భానికి చేరుతుంది. గర్భసంచిపై మచ్చ ఉన్న స్త్రీ ద్వీపానికి తిరిగివచ్చి మళ్లీ గర్భం దాల్చితే, రక్తనిధి, శస్త్రచికిత్స గది ఉన్న ఊరికి ముందే చేరక తప్పదు. తొలి కాన్పు ఎలా జరిగిందో తెలిపే కాగితాలు తీరం ఆవలి ఆసుపత్రిలోనే మిగిలిపోతే ఇక్కడి వైద్యులకు అంచనా వేయడమే కష్టమవుతుంది.

‘నీళ్లు’ అనే మాటకు ఎన్ని అర్థాలు

వైద్య కరపత్రాలు అనువదించేవారికి తెలిసిన ఇబ్బంది ఒకటుంది. కోస్తా పల్లెల్లో ‘నీళ్లోసుకుంది’ అంటే గర్భం దాల్చిందని, ‘నీళ్లాడింది’ అంటే ప్రసవించిందని అర్థం. ‘నీరు పట్టింది’ అంటే కాళ్లు వాచాయి. ‘నీళ్లు పోయాయి’ అంటే ఉమ్మనీరు పోయి ఉండవచ్చు, అప్పుడు ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ఒకే మాట చుట్టూ శుభవార్తా ఉంది, ప్రమాద సూచనా ఉంది. అరకొర హిందీలో ‘పానీ’ అని మాత్రమే చెప్పగలిగిన అమ్మాయి ఏ నీటి గురించి చెబుతోందో ఎదుటి నర్సు ఊహించుకోవలసిందే. ‘గుర్రపువాతం’ మరో ఉదాహరణ. గర్భిణిలో రక్తపోటు పెరిగి మూర్ఛకు దారితీసే స్థితికి తెలుగులో వాడుకలో ఉన్న పేరు ఇది. వాతం అన్న మాట వినగానే పెద్దవారు కషాయం గురించి ఆలోచిస్తారు, రక్తపోటు గురించి కాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు కనిపిస్తే ఆ రోజే రక్తపోటు చూపించుకోవాలన్న మాటను అచ్చ తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా అంతే, మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు.

ప్రతి గర్భిణికీ ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డులో ఈ సూచనలన్నీ ఉంటాయి. కార్డు చేతిలో ఉండటం వేరు, అందులోని మాట తలకెక్కడం వేరు. పై సర్వే ప్రకారమే కనీసం నాలుగు సార్లు గర్భకాల పరీక్షలు చేయించుకున్న తల్లులు దేశంలో 58 శాతం మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిది సార్లు ఆరోగ్య సిబ్బందిని కలవాలని సూచిస్తోంది. ఆ పత్రంలో ‘సందర్శన’ అన్న అర్థమిచ్చే పాత పదాన్ని వదలి ‘కలయిక’ అన్న అర్థమిచ్చే పదాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. బరువు, రక్తపోటు రాసుకోవడంతో పని ముగియదని, మాట్లాడటం కూడా వైద్యంలో భాగమేనని దాని భావం.

పథకాలకు కొరత లేదు. 2005లో జననీ సురక్ష, 2011లో ఉచిత ప్రసవం, మందులు, రవాణా హామీ ఇచ్చే జననీ శిశు సురక్ష వచ్చాయి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన నిపుణుల చేత ఉచిత పరీక్షలు జరిపించే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ నడుస్తోంది. ఫీనిక్స్ బేలో ఉండే గర్భిణికి 9వ తేదీ అంటే ఆటోలో వెళ్లివచ్చే పని. చిన్న ద్వీపంలో ఉండేవారికి అదే తేదీ ఓడల పట్టికతో కుదరాలి, సముద్రం శాంతించి ఉండాలి.

ఈ దూరాన్ని కొంత తగ్గించగల సాధనం 2020 ఆగస్టు 10న వచ్చింది. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధాని ఆ రోజు ప్రారంభించారు. లిటిల్ అండమాన్, రంగత్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వంటి ద్వీపాలు దానితో అనుసంధానమయ్యాయి. దృశ్యమాధ్యమంలో వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని సేవను అత్యధికంగా వినియోగించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్న తెలుగు వైద్యురాలు వారానికి ఒక పూట ద్వీపాల్లోని తెలుగు గర్భిణులతో మాట్లాడే ఏర్పాటుకు కొత్త సాంకేతికత అక్కరలేదు. రెండు పరిపాలనా యంత్రాంగాల మధ్య ఒప్పందం చాలు. కార్డు వివరాలు రెండు వైపులా కనబడితే పుట్టింటి ప్రయాణం వల్ల తెగిపోయే వైద్య చరిత్ర కూడా తెగకుండా ఉంటుంది.

మాట్లాడటానికి తీరిక ఉన్న నిపుణులు ఎక్కడ అన్న ప్రశ్నకు కొంత సమాధానం తెలంగాణలో దొరుకుతుంది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో వృత్తిపరమైన మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టింది. 2017లో యూనిసెఫ్ సహకారంతో రాష్ట్ర ప్రభుత్వం కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. మంత్రసాని అన్న పాత మాటకూ ఈ శిక్షితురాలికీ పోలిక తక్కువ. సాధారణ ప్రసవాన్ని స్వయంగా జరిపిస్తుంది, ప్రమాద సూచన కనిపిస్తే వైద్యుని వద్దకు పంపుతుంది, గర్భం మొదటి నెలల నుంచి బాలింత దశ వరకు ఒకే మనిషిగా వెంట ఉంటుంది. ప్రసూతి వైద్య నిపుణులను ప్రతి ద్వీపంలోనూ నియమించడం ఆచరణలో అసాధ్యం. మిడ్‌వైఫ్‌ను నియమించడం అసాధ్యం కాదు. స్థానిక తెలుగు, బెంగాలీ, నికోబారీ కుటుంబాల నర్సింగ్ విద్యార్థినులను ఈ శిక్షణకు ఎంపిక చేస్తే భాష సమస్య కూడా అక్కడే తీరుతుంది.

మిగిలింది బస. ఓడ దిగిన నిండు గర్భిణి కాన్పు వరకు రెండు, మూడు వారాలు ఎక్కడ ఉండాలి? బంధువులు ఉన్నవారు జంగ్లీఘాట్‌లోనో ఫీనిక్స్ బేలోనో ఒక గదిలో సర్దుకుంటారు. లేనివారికి అద్దె భారం, భర్త కూలి పోవడం, ఇంట్లో పెద్దపిల్లను చూసుకునే దిక్కు లేకపోవడం అన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. ‘నొప్పులు వచ్చాక చూద్దాం’ అన్న నిర్ణయం చాలాసార్లు అజ్ఞానం కాదు, ఖర్చు లెక్క. ఇదే చిక్కును ఆంధ్రప్రదేశ్ మన్యం మరో రూపంలో ఎదుర్కొంది. గర్భిణులను డోలీల్లో మోసుకురావలసిన కొండ గ్రామాల కోసం పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో వసతిగృహం నెలకొల్పింది. కాన్పు తేదీకి ముందే గర్భిణులను అక్కడికి చేర్చి భోజనం, పరీక్షలు సమకూర్చారు. పెద్ద పిల్లలను వెంట తెచ్చుకునే వీలుంటేనే తల్లులు వచ్చి ఉండగలరన్నది అటువంటి గృహాలు నడిపే ఎవరికైనా ముందుగా ఎదురయ్యే సంగతి. కొండ స్థానంలో సముద్రం, డోలీ స్థానంలో ఓడ. ఫీనిక్స్ బే రేవుకు, ఆసుపత్రికి మధ్యనున్న ఆ కొద్దిపాటి దూరంలో ఇరవై మంచాల గృహం ఒకటి ఉంటే, హట్ బేలోని ఆరోగ్య కార్యకర్త 34వ వారంలోనే ‘ఓడ ఎక్కు’ అని గట్టిగా చెప్పగలుగుతుంది.