వాల్వ్ మూసుకుందట!

డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టే పదాల లిస్టు. ప్రాసెస్ వేరియబుల్, సెట్‌పాయింట్, రీడ్‌బ్యాక్, అలారం సివియారిటీ. రెండు మార్కుల ప్రశ్నకి రెండు లైన్ల డెఫినిషన్, అంతే. నా అభిప్రాయం ఏంటంటే, ఈ పదాల్ని ఇంగ్లిష్‌లో బట్టీ పడితే మార్కులొస్తాయి, తెలుగులో ఆలోచిస్తే అర్థమవుతాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను ఈ మాట అంటే మీకు నవ్వు రావచ్చు. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు అసలు విషయం. పార్టికల్ యాక్సిలరేటర్ లాంటి పెద్ద యంత్రంలో వేలకొద్దీ మోటార్లు, వాల్వులు, సెన్సర్లు ఉంటాయి. వాటన్నిటినీ ఒకే కంప్యూటర్ చూసుకోలేదు. అందుకే పరికరాల దగ్గర్లో చాలా కంప్యూటర్లు పెట్టి, వాటిని నెట్‌వర్క్‌తో కలుపుతారు. ఇవన్నీ ఒకే భాషలో మాట్లాడుకునేలా చేసేవే ఎపిక్స్, టాంగో లాంటి ఫ్రేమ్‌వర్కులు. ఎపిక్స్‌ని అమెరికాలోని లాస్ అలమోస్, ఆర్గాన్ ప్రయోగశాలలు కలిసి మొదలుపెట్టాయి. టాంగో ఫ్రాన్స్‌లో, గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ కేంద్రంలో పుట్టింది. మన దేశం కూడా భాగస్వామిగా ఉన్న ఐటర్ ఫ్యూజన్ ప్రాజెక్టు వాడేది ఎపిక్సే.

ఎపిక్స్‌లో పరికరంతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్‌ని ఐఓసీ అంటారు. ప్రతి కొలతకీ, ప్రతి ఆజ్ఞకీ ఒక పేరుంటుంది. అదే ప్రాసెస్ వేరియబుల్, ముద్దుగా పీవీ. ఏ పీవీ ఏ కంప్యూటర్‌లో ఉందో కంట్రోల్ రూమ్‌లోని స్క్రీన్‌కి ముందే తెలియక్కర్లేదు. "ఈ పేరు ఎవరి దగ్గరుంది?" అని నెట్‌వర్క్‌లో కేకేస్తుంది. ఉన్న ఐఓసీ "నా దగ్గర" అని జవాబిస్తుంది. హాస్టల్ కారిడార్‌లో నిలబడి "నా చార్జర్ ఎవడి దగ్గరుందిరా?" అని అరిచినట్టే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. స్క్రీన్ మీద కనిపించే ఏ విలువనీ స్క్రీన్ స్వయంగా చూడలేదు. ఎవరో చెప్పారు, అది విన్నది. ఇలాంటి మాటలకి మన భాషలో ఒక చిన్న తోక ఉంది: 'అట'. "వాడు ఊరెళ్ళాడు" అంటే నాకు తెలుసు. "వెళ్ళాడట" అంటే ఎవరో చెప్పారు, బాధ్యత నాది కాదు. "వెళ్ళినట్టుంది" అంటే తాళం చూసి ఊహించాను. "ఏమో" అంటే నిజంగానే తెలీదు. చిన్నప్పటి నుంచీ ఈ తేడాలు ఎవరూ నేర్పకుండానే వాడుతున్నాం. కంట్రోల్ సిస్టమ్ పదజాలంలో సగం ఈ తేడాల కోసమే ఉంది.

ఈ తేడా పోతే ఏమవుతుందో చూడండి. 1979 మార్చి 28 తెల్లవారుజామున, అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. పీడనం పెరిగితే తెరుచుకుని, తగ్గాక మూసుకోవాల్సిన ఒక వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. ప్యానెల్ మీద దాని లైట్ మాత్రం ఆరిపోయింది. వాల్వ్ మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు. నిజానికి ఆ లైట్‌కి వాల్వ్ స్థితి తెలీదు, వాల్వ్‌కి వెళ్ళిన ఆజ్ఞ మాత్రమే తెలుసు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ని చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది. కోర్‌లో పెద్ద భాగం కరిగిపోయింది. కారణం ఆ ఒక్క లైటే అని నేను అనట్లేదు, శిక్షణ లోపాలతో సహా ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఆ లైట్ చెప్పింది "మూసుకో అన్నాం" అని. మనుషులు విన్నది "మూసుకుంది" అని.

"మూసుకో" అన్నది సెట్‌పాయింట్. "మూసుకున్నాను" అని పరికరం ఇచ్చే జవాబు రీడ్‌బ్యాక్. ఎపిక్స్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పీవీలు పెట్టడం ఆనవాయితీ. టాంగోలో అయితే మార్చగలిగే ఆట్రిబ్యూట్ చదివిన విలువనీ, మనం చెప్పిన విలువనీ పక్కపక్కనే ఉంచుతుంది. ఇదంతా మా తాతయ్యకి ఏ ఫ్రేమ్‌వర్కూ చదవకుండానే తెలుసు. పొలంలో బోరు మోటారుకి మొబైల్ స్టార్టర్ ఉంది. ఇంట్లోంచే ఫోన్ చేసి ఆన్ చేస్తారు. మోటారు ఆన్ అయిందని జవాబు కూడా వస్తుంది. అయినా వెంటనే పక్క చేను బాబాయ్‌కి ఫోన్ చేసి "ఏరా, నీళ్ళు పడుతున్నాయా?" అని అడుగుతారు. స్టార్టర్ ఆన్ అవ్వడం, మోటారు తిరగడం, నీళ్ళు పడడం మూడూ వేర్వేరు నిజాలు. రీడ్‌బ్యాక్ అనేది ఎక్కడ కొలిస్తే అక్కడి నిజమే చెప్తుంది.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన పదం ఇన్వాలిడ్. ఎపిక్స్‌లో అలారం తీవ్రతకి నాలుగు మెట్లు: 0 అంటే అలారం లేదు, 1 మైనర్, 2 మేజర్, 3 ఇన్వాలిడ్. అంటే "పరిస్థితి చాలా చెడ్డగా ఉంది" కన్నా "ఈ విలువని నమ్మలేం" అన్నది పై మెట్టు. బాగా ఆలోచించి పెట్టారు. చెడ్డ వార్త తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు. 'ఏమో' అయితే ఏం చేయాలో కూడా తెలీదు. అందుకే అవుట్‌పుట్ రికార్డ్ ఇన్వాలిడ్ అయితే ఏం చేయాలో ముందే రాసిపెట్టే వీలుంది: మామూలుగా పంపెయ్, అసలు పంపకు, లేదా ముందే అనుకున్న విలువ పంపు. విలువతో పాటు అది ఎప్పటిదో చెప్పే టైమ్‌స్టాంప్ కూడా వస్తుంది.

ఇప్పుడు మన ల్యాబ్ ప్రాజెక్టుల్ని చూడండి. వైఫై పోయినా డ్యాష్‌బోర్డ్ మీద 31 డిగ్రీలు అలాగే వెలుగుతూ ఉంటుంది. అది ఎప్పటి మాటో ఎవరికీ తెలీదు. సెన్సర్ వైరు ఊడితే 0 చూపిస్తుంది, అది చలో, వైరో చెప్పలేం. మోటార్ ఆన్ అనే ఫంక్షన్ ఆజ్ఞ పంపిన వెంటనే ట్రూ అని రిటర్న్ చేస్తుంది. మొదటి ప్రోగ్రామ్‌కి 'అట' రాదు, రెండోదానికి 'ఏమో' రాదు, మూడోది త్రీమైల్ ఐలాండ్ లైట్‌కి తమ్ముడు.

"అయితే ఇంటర్వ్యూలో 'వాల్వ్ మూసుకుందట సార్' అంటే ఆఫర్ లెటర్ ఇస్తారా?" అని మీరు అడగొచ్చు. ఇవ్వరు. ప్రాసెస్ వేరియబుల్‌ని 'ప్రక్రియా చరరాశి' అనమని కూడా నేను చెప్పట్లేదు, అది ఇంకో బట్టీ అవుతుంది. పదాలు ఇంగ్లిష్‌వే ఉండనీయండి. కానీ డెఫినిషన్ చెప్పాక ఇంటర్వ్యూ ఆగదు. "రీడ్‌బ్యాక్ రాకపోతే నీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?" అని అడుగుతారు. బట్టీ అక్కడ ఆగిపోతుంది, అర్థమైనవాళ్ళు అక్కడి నుంచి మాట్లాడతారు.

అందుకే ఒక సూచన. ఈసారి ప్రాజెక్టులో స్క్రీన్ మీద పెట్టే ప్రతి విలువనీ ఒకసారి తెలుగులో పైకి చదవండి. చివర్లో 'అంది', 'అట', 'అయినట్టుంది', 'ఏమో'... వీటిలో ఏది రావాలో మీకే తెలుస్తుంది. ఆ తేడాని స్క్రీన్ మీద కూడా చూపించండి. చూసేవాళ్ళు దాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటారు కదా!