విజయగ్రంథముల పఠనము స్వాధ్యాయము కానేరదు



వ్యక్తిత్వవికాసగ్రంథములను నిత్యము చదువుటయే విజయమునకు రాజమార్గమను మాట నేడు మన ఇండ్లలో ఆప్తవాక్యమువలె చెల్లుబాటగుచున్నది. ఉదయమున లేచి పది పుటలు, వారమున కొక పుస్తకము, సంవత్సరమునకు 52 పుస్తకములు: ఇది నేటి యువకుని నియమము. సంధ్యావందనమునకు తీరిక లేని గృహములలో సైతము ఈ నియమమునకు తీరిక దొరకుచున్నది. చదువుట దోషమని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. చదివిన పుస్తకముల లెక్కను సాధనగా భ్రమించుట దోషమనియు, ఆ భ్రమకు మూల్యము చెల్లించుచున్నది మన పిల్లలే యనియు చెప్పుట నా ఉద్దేశ్యము.

శాస్త్రమర్యాద ననుసరించి ముందుగా పూర్వపక్షమును బలముగా నిలుపుదము.

పూర్వపక్షి యిట్లు వాదించును: "అర్థము కూడ పురుషార్థమే కదా. ధర్మబద్ధమైన విజయకాంక్షను శాస్త్రము నిషేధింపలేదు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల పల్లెలనుండి వచ్చిన పిల్లవానికి ఇంటర్వ్యూలో ఎట్లు కూర్చుండవలెనో, నలుగురిలో ఎట్లు మాటలాడవలెనో నేర్పగల పెద్దలు ఇంట లేకపోవచ్చును. ఆ లోటును ఈ పుస్తకములు తీర్చినవి. మీరు పారాయణము చేయుదురు, మేము వీనిని చదువుదుము. స్వాధ్యాయమును ఏమరవలదని తైత్తిరీయోపనిషత్తు ఆదేశించినది కదా! నిత్యపఠనమను అలవాటును పెట్టినవారు ఋషులే. మరి మాపై ఆక్షేపణ యేల?"

ఇందు సత్యాంశము లేకపోలేదు. ఈ వాఙ్మయమునకు నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. 1859లో శామ్యూల్ స్మైల్స్ 'సెల్ఫ్ హెల్ప్' అను గ్రంథమును లండనులో ప్రకటించెను. 1936లో డేల్ కార్నెగీ, 1937లో నెపోలియన్ హిల్ అమెరికాలో వ్రాసిన పుస్తకములు, 1989లో స్టీఫెన్ కోవీ వ్రాసిన ఏడు అలవాట్ల పుస్తకము, 2018లో జేమ్స్ క్లియర్ వ్రాసిన 'అటామిక్ హ్యాబిట్స్' లోకమంతట వ్యాపించినవి. తెలుగున నవలాకారులైన యండమూరి వీరేంద్రనాథ్ వ్రాసిన 'విజయానికి ఐదు మెట్లు', ఇంద్రజాలికులుగా ప్రసిద్ధులైన బి.వి. పట్టాభిరామ్ గారి రచనలు మధ్యతరగతి ఇండ్లలో నిలిచినవి. బిడియముతో ముడుచుకొనిన అనేకులకు ఇవి నోరు తెరచు ధైర్యమునిచ్చియుండును. దానిని కాదనుట అన్యాయము. కావున మన వివాదము ఆ రచయితలతో కాదు. పఠనమునే ఫలముగా భావించు పాఠకుని అలవాటుతో.

ఇక సిద్ధాంతము.

మొదట 'స్వాధ్యాయ' శబ్దమును విచారింతము. స్వాధ్యాయమనగా కంటబడిన గ్రంథమునెల్ల చదువుట కాదు. తనకు పరంపరగా వచ్చిన స్వశాఖను గురుముఖమున గ్రహించి, దానినే జీవితాంతము ఆవృత్తి చేయుట. సంహిత వచ్చిన పిమ్మట పదము, పదము పిమ్మట క్రమము, ఆపై జట, ఘన. ఘనపాఠమున రెండు పదములు ముందునకు, వెనుకకు, మరల ముందునకు నడచి, మూడవ పదమును కలుపుకొని తిరిగి అట్లే నడచును. కొత్త పదమొక్కటియు చేరదు. ఉన్న పదమే అస్థిగతమగును. తైత్తిరీయము స్వాధ్యాయమును ప్రవచనముతో జోడించి చెప్పినది. నేర్చినదానిని మరల ఒకరికి నేర్పగలుగునంతగా నేర్వవలెనని దాని తాత్పర్యము. వారమున కొక పుస్తకమును ముగించి మరుసటిదానికి పోవువాడు ఈ పదమును తనకు అన్వయించుకొనుట శబ్దాపచారము.

ఈ మాటకు నిదర్శనము మన ఊరిపేరుననే కలదు. 'తెనాలి పరీక్ష' యనగా దేశమందలి శాస్త్రవిద్యార్థులకు తెలియనిది కాదు. విద్యార్థి గురువుగారి యింట నుండి చదువును. ఏటికి రెండుమారులు పరీక్షకు కూర్చుండును. ఇట్లు 14 అంచెలు దాటి మహాపరీక్షను చేరును. 2019లో 16 ఏండ్ల విద్యార్థి యొకడు ఆ మహాపరీక్షను దాటగా ప్రధానమంత్రి నరేంద్రమోదీ గారు బహిరంగముగా అభినందించిరి. ఆ బాలుడు ఎన్ని పుస్తకములు చదివెనని ఎవరును అడుగలేదు. ఒక్కొక్క పంక్తిని ఎంతవరకు నిలబెట్టగలడని పరీక్షకులు అడిగిరి. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము కొన్ని పుటల గ్రంథము. తెనాలిలో రైలెక్కినవాడు విజయవాడ చేరులోపల దానిని చదివి ముగింపవచ్చును. అదే గ్రంథమును గురుసన్నిధిలో దీపికతో కూడ చదువువాడు నెలలు గడిచినను లక్షణవాక్యముల యొద్దనే యుండును. వీరిలో ఎవడు చదివినవాడు?

రెండవది, నారదుని వృత్తాంతము. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున నారదుడు సనత్కుమారుని చేరి ఉపదేశము కోరెను. నీకు తెలిసినది ముందు చెప్పుమని ఆయన యనగా నారదుడు పెద్ద జాబితా నప్పగించెను: నాలుగు వేదములు, ఇతిహాసపురాణములు, గణితము, తర్కము, నక్షత్రవిద్య, సర్పవిద్య మొదలగునవి. నేటి యువకులు ఫోనులో దాచుకొను పుస్తకపట్టికలేవియు దానికి సాటిరావు. అయినను తాను మంత్రములెరిగినవాడనే కాని ఆత్మ నెరిగినవాడను కాననియు, శోకించుచున్నాననియు నారదుడు ఒప్పుకొనెను. సనత్కుమారుడు ఆ విద్యలన్నిటిని 'నామము' అను ఒక్క మాటలో సంగ్రహించెను. ఆ పిమ్మట ఆయన మరియొక పుస్తకము పేరు చెప్పలేదు. నామమునుండి ఒక్కొక్క మెట్టు ఎక్కించి, శ్రద్ధకు నిష్ఠ మూలమనియు, నిష్ఠకు కృతి మూలమనియు బోధించెను. కృతి యనగా ఇంద్రియసంయమము, చిత్తైకాగ్రత యని భగవత్పాదుల భాష్యము. చదువునకు అడుగున ఆచరణము లేనిచో పైన శ్రద్ధ నిలువదని దీని సారము.

మా ఆలయమునకు వచ్చు యువకుడొకడు పోటీపరీక్షలకు సిద్ధమగుచున్నాడు. మూడేండ్లలో అరువదికి పైగా విజయగ్రంథములను చదివితినని, తరువాత ఏది చదువవలెనో చెప్పుమని నన్నడిగెను. వానిలో ఏ ఒక్క మాటను నలుబది దినములు వరుసగా ఆచరించితివని నేనడిగితిని. అతడు బుద్ధిమంతుడు. కొంతసేపు ఆలోచించి, ప్రతి పుస్తకమును చదివినపుడు ఏదో సాధించినట్లే యుండెడిదని మాత్రము చెప్పెను. రోగమంతయు ఆ మాటలోనే యున్నది. సాధింపకయే సాధించిన తృప్తి కలుగుచున్నది. ఆ తృప్తి రెండు దినములలో అణగిపోగా మరియొక పుస్తకము కావలసివచ్చుచున్నది. శ్రవణమే కాని మననము లేదు, నిదిధ్యాసనము లేదు. దీనికి మన భాషలో పేరు సాధన కాదు, వ్యసనము.

మూడవది, ఈ గ్రంథములు మన శాస్త్రమునుండి సగమును గైకొని సగమును విడిచినవి. మనోనిగ్రహమునకు భగవంతుడు గీత ఆరవ అధ్యాయమున అభ్యాసవైరాగ్యములు రెంటిని చెప్పెను. అలవాట్ల పుస్తకములు అభ్యాసమును చక్కగా వివరించినవి. దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో చేసినదే దృఢమగునని పతంజలి చెప్పిన సంగతియే వానియందును గోచరించును. కాని వైరాగ్యమును ముట్టలేదు. ముట్టినచో అంగడిలో అమ్ముడుపోదు. ఫెరారీ కారు నమ్ముకొని హిమాలయములకు పోయిన న్యాయవాది కథను రాబిన్ శర్మ వ్రాసెను. మన యోగులు ఆ కథలో విజయసూత్రములను పంచిపెట్టువారైరి. గీత ద్వితీయాధ్యాయము నలుబదియేడవ శ్లోకమునకును ఇదే గతి పట్టినది. ఫలాసక్తిని విడువుమను ఉపదేశము, ఫలము త్వరగా వచ్చుటకు ఉపాయముగా కార్యాలయముల గోడలకెక్కినది.

నాలుగవది, అన్నిటికంటె గురుతరమైనది. నీవు గాఢముగా కోరినచో సాధింపగలవని ఈ వాఙ్మయమున అధికభాగము ఘోషించును. వినుటకు మధురమే. కాని దీని తిరుగుముఖమును ఎవరైన చూచితిరా? సాధింపలేనివాడు గాఢముగా కోరనివాడని, అపజయమంతయు వాని మనోదోషమేనని తేలును. పదునెనిమిదేండ్ల పిల్లవాని తలపై ఇంతటి భారమును మోపుట ధర్మమేనా?

గీత అష్టాదశాధ్యాయమున కర్మసిద్ధికి భగవంతుడు అయిదు హేతువులను లెక్కించెను: అధిష్ఠానమైన శరీరము, కర్త, వివిధములైన కరణములు, నానావిధ చేష్టలు, అయిదవది దైవము. ఆత్మ అకర్త యని నిరూపించుటకు ఆచార్యులు ఈ ప్రకరణమును వినియోగించిరి. ఆ పరమార్థమట్లుండ, వ్యవహారమునకు కూడ ఇది దీపమే. విజయగ్రంథము కర్తనే ఎరుగును. మన కృష్ణా డెల్టా రైతు అయిదింటిని ఎరుగును. నేల, తాను, నాగలి, సేద్యము, వీనికి తోడు కాలువలో నీరు, ఆకాశమున మేఘము. 1977 నవంబరులో ఉప్పెన మన తీరమును ముంచినపుడు సర్వము కోల్పోయినవారు సంకల్పబలము లేనివారా? అట్లనుటకు ఎవనికి నోరు వచ్చును? మరి నోటిఫికేషన్ ఏండ్ల తరబడి రాక వయస్సు మీరిన అభ్యర్థిని, జ్వరముతో పరీక్ష వ్రాసిన బాలికను అదే మాట యనుటకు మనకు నోరెట్లు వచ్చుచున్నది?

ఏటేట ఫలితములు వెలువడిన దినములలో పత్రికలందు వచ్చు విద్యార్థుల మరణవార్తలను మనమందరము చదువుచున్నాము. వానికి పుస్తకములే కారణమని నేననను. కారణములు అనేకములు. కాని ఓడిన బిడ్డకు "అయిదింటిలో నీ వంతు ఒకటి, ఆ వంతును సరిచేసికొందము, తక్కినవి నీ దోషము కావు" అని చెప్పు శాస్త్రము ఇంటనుండగా, "లోపమంతయు నీలోనే యున్నది" అను మాటను కొని తెచ్చి పంచుట పెద్దలకు తగదు. దైవమను పదము సోమరితనమునకు సాకు కాదు. చేష్ట కూడ ఆ అయిదింటిలోనిదే. గెలిచినవానికి అహంకారమును, ఓడినవానికి ఆత్మనిందను తొలగించు మందు అది.

ఇట పూర్వపక్షి మరల లేచి, ధనవంతులందరు విరివిగా చదువువారే కదా యనును. వారెన్ బఫెట్ దినమున అధికభాగము చదువుటలో గడుపునని లోకప్రసిద్ధి. నిజమే. కాని ఆయన ప్రధానముగా చదువునవి సంస్థల వార్షికనివేదికలు, వార్తాపత్రికలు. అనగా తన వృత్తికి సంబంధించిన మూలగ్రంథములు. ఆయన చేయునది ఒక విధముగా స్వాధ్యాయమే. విజయమును గూర్చి చదువుట వేరు, చేయవలసిన పనిని గూర్చి చదువుట వేరు. వైద్యవిద్యార్థికి శరీరశాస్త్రము, న్యాయవాదికి చట్టము, అర్చకునికి ఆగమము వికాసగ్రంథములు.

ఈ కత్తి మనవైపునకును తిరుగవలెను. ప్రవచనములను ఫోనులో ఒకటిన్నర వేగమున వినుచు, ఈ నెల ఎన్ని ముగిసినవని లెక్కించు భక్తులు మనలో లేరా? ఉద్యోగమునకు ఏ స్తోత్రము, వీసాకు ఏ స్తోత్రము అని అడిగి, పని జరుగగానే విడుచువారు లేరా? శంకరగ్రంథములను తెలుగువారికి అందించిన సాధన గ్రంథ మండలి మన తెనాలిలోనిదే. ఆ ప్రతులు అద్దాల బీరువాలలో నలగక నిలిచిన ఇండ్లు ఎన్ని లేవు? అట్టివారికి విజయగ్రంథపాఠకుని నిందించు అర్హత లేదు.

కావున నా విన్నపమిది. పుస్తకములను పారవేయకుడు. సంవత్సరమునకు ఒక్కదానిని గైకొనుడు. అది లౌకికమైనను సరే. అందు మీకు తగిన ఒక్క వాక్యమును ఎంచి, మండలము దినములు ఆచరించి, పిమ్మటనే మరుసటి పుటకు పోవుడు. చదివినదానిని తమ్మునికో చెల్లెలికో బోధింపుడు. బోధింపలేనిచో మరల చదువుడు. ఫలము రానిచో అయిదు హేతువులను వరుసగా పరిశీలింపుడు: శరీరము సహకరించినదా, నేను శ్రద్ధతో నుంటినా, సాధనములు సరియైనవా, ప్రయత్నము చాలినదా? ఈ నాలుగింటిని చక్కదిద్దిన పిమ్మట అయిదవదానిని భగవంతునికి విడువుడు. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఎన్ని పుస్తకములు చదివెనని బంధువుల యెదుట లెక్క చెప్పుట మానుడు. చదివినదానివలన వాని మాటలో, నిద్రలో, కోపములో ఏమి మారినదో గమనింపుడు. అదియే వికాసమునకు ప్రమాణము.

స్వస్తి.